పాట వెనక కుర్రవాడు

మంచి పాట వింటున్నప్పుడు, "పెద్దయ్యాక నేనూ పాటల లోకంలోనే పని చేస్తాను" అని మీలో చాలామంది అనుకునే ఉంటారు. కాని, పాడటం రాదని కొందరూ, వాయించటం రాదని కొందరూ ఆ ఆశను మధ్యలోనే వదిలేస్తారు. పాట మన చెవిదాకా రావాలంటే పాడేవాళ్ళు ఒక్కరే చాలరు గదా! వెనక ఉండి పనిచేసిన ఒక లండను కుర్రవాడి కథ చెబుతాను, వినండి.

అతని పేరు జెఫ్ ఎమెరిక్. 1945లో పుట్టాడు. వాళ్ళ బామ్మగారి ఇంటి నేలమాళిగలో పాత గ్రామఫోను రికార్డులు పడి ఉండేవి. చిన్నతనంలో అవి అతని కంటబడ్డాయి. అప్పటినుంచీ అతనికి రికార్డుల పిచ్చి పట్టుకున్నది. చదువు ముగిసే వేళకు ఒకటే కోరిక: రికార్డులు తయారయ్యే చోట ఏదో ఒక పని దొరకాలి. లండనులో ఉన్న స్టూడియోలకు ఉత్తరాలు రాశాడు. ఎవరూ రమ్మనలేదు. చివరకు స్కూల్లో ఉద్యోగ సలహాలు చెప్పే మాస్టారు పుణ్యమా అని ఇ.ఎం.ఐ. కంపెనీ నుంచి పిలుపు వచ్చింది.

ఈ కంపెనీ మనకు కొత్తది కాదు. మీ తాతగారి ఇంట్లో పాత రికార్డులుంటే దుమ్ము తుడిచి చూడండి. బూరా ముందు కూర్చుని చెవి ఒగ్గి వింటున్న కుక్క బొమ్మ కనిపిస్తుందేమో! ఆ కుక్కబొమ్మ గుర్తు అప్పట్లో ఇ.ఎం.ఐ. వారిదే. మన నాటక పద్యాలు కూడా ఆ బొమ్మతోనే ఊరూరా మోగాయి.

కంపెనీ వారి స్టూడియో లండనులో అబ్బీ రోడ్డు మీద ఉన్నది. 1931లో తెరిచారు. జెఫ్ చేరేనాటికి అక్కడి పద్ధతులు మహా కట్టుదిట్టం. యంత్రాలు బాగుచేసేవాళ్ళు తెల్ల కోట్లు, సామాన్లు మోసేవాళ్ళు గోధుమరంగు కోట్లు తొడుక్కునేవారు. శబ్దాలు సరిచూసే ఇంజనీర్లకు టై తప్పనిసరి. ఇది పాటల ఇల్లా, ఆస్పత్రా అనిపించేది!

1962 సెప్టెంబరులో పనిలో చేరాడు. అప్పటికి పదిహేడేళ్ళయినా నిండలేదు. అదే వారం, సెప్టెంబరు 4న, లివర్‌పూల్ నుంచి నలుగురు యువకులు పాట రికార్డు చేయటానికి వచ్చారు. వారే బీటిల్సు. ఆనాటికి వారి పేరు లోకానికి తెలియదు. జెఫ్ ఒక మూల నిలబడి చూశాడు.

ఇంతకూ అతని పని ఏమిటి? టేపు యంత్రం దగ్గర ఉండటం, చెప్పినప్పుడు మీట నొక్కటం, చెప్పినప్పుడు ఆపటం, ఏ పాట ఎన్నోసారి పాడారో డబ్బామీద రాయటం. ఇదీ ఒక పనేనా అనుకోకండి. పొరపాటున వేరే మీట నొక్కితే, గాయకుడు గొంతు చించుకుని పాడినదంతా చెరిగిపోతుంది!

తరవాత అతనికి రికార్డుల మీద గాడి చెక్కే యంత్రం అప్పగించారు. రికార్డు మీద పాట అంటే సన్నని గాడి. మంద్రస్వరం మరీ బలంగా ఉంటే ఆ గాడి అటూ ఇటూ బాగా ఊగుతుంది. అప్పుడు ముల్లు గాడి తప్పి పక్కకు గెంతుతుంది. స్టూడియోలో ఎంత గొప్పగా మోగించినా, రికార్డులో పట్టకపోతే ఏం లాభం? ఆ హద్దులు చేత్తో పనిచేస్తేనే తెలుస్తాయి. నన్నడిగితే జెఫ్‌కు అసలు చదువు అక్కడే జరిగింది.

1966లో బీటిల్సు పాటలు రికార్డు చేసే ఇంజనీరుకు పై పదవి వచ్చింది. ఆ చోటులోకి నీవు వస్తావా అని జెఫ్‌ను అడిగారు. అప్పటికి బీటిల్సు జగత్ప్రసిద్ధులు. ఇతనికి ఇరవై ఏళ్ళు! ఎన్నాళ్ళుగానో కోరుకున్నది ఎదురుగా వచ్చి నిలబడితే నోట మాట రాలేదు. ఆటలో దొంగ ఎవరో తేల్చటానికి పిల్లలు వరస లెక్క చెప్పుకుంటారు చూడండి, అలా మనసులో "ఒప్పుకోనా, వద్దా" అని లెక్కపెట్టుకున్నాడట. చివరకు సరేనన్నాడు.

ఏప్రిల్ 6న మొదటి పరీక్ష వచ్చింది. ఆ పాట పేరు 'టుమారో నెవర్ నోస్'. కొండశిఖరం మీదనుంచి దలైలామా మంత్రాలు చదువుతున్నట్టు తన గొంతు వినిపించాలని జాన్ లెనన్ కోరాడు. కొండ ఎక్కడినుంచి తెస్తారు? స్టూడియోలో ఆర్గను వాద్యానికి తగిలించే ఒక చెక్కపెట్టె ఉన్నది. దానిలో బూరా గిరగిరా తిరుగుతూ శబ్దాన్ని బయటికి చిమ్ముతుంది. జెఫ్ లెనన్ గొంతును దానిలోకి పంపాడు. రైలు కూతవేస్తూ దగ్గరికి వస్తుంటే కూత సన్నగాను, దాటి పోతుంటే బొంగురుగాను వినబడుతుంది గదా! తిరిగే బూరా నోరు మనవైపు వచ్చినప్పుడు, వెళ్ళినప్పుడు కూడా అంతే. అందుచేత గొంతు అలలు అలలుగా ఊగింది. లెనన్ సంబరపడిపోయాడు.

డ్రమ్ము సంగతి ఇంకా తమాషా. పెద్ద డ్రమ్ముకు రెండడుగుల లోపల మైకు పెట్టరాదని స్టూడియో నియమం. దెబ్బకు కదిలే గాలి తాకిడికి మైకు పాడవుతుందని వారి భయం. జెఫ్ మైకును డ్రమ్ముకు బాగా దగ్గరగా జరిపాడు. మోత మరీ ఎక్కువ కాకుండా డ్రమ్ములో ఒక ఉన్ని స్వెట్టరు కుక్కాడు. ఆ స్వెట్టరుకు నాలుగు మెడలు! నలుగురు బీటిల్సు కోసం వేడుకగా చేయించినదట. నియమం తప్పినందుకు పైవారు మందలించారు. తరవాత, బీటిల్సు పాటలకు మాత్రమే అలా చేయవచ్చునని అనుమతి ఇచ్చారు. ఇప్పుడైతే డ్రమ్ముకు దగ్గరగా మైకు పెట్టటం అన్నిచోట్లా మామూలే.

1967లో వచ్చిన 'సార్జెంట్ పెప్పర్స్', 1969లో వచ్చిన 'అబ్బీ రోడ్' రికార్డులకు జెఫ్‌కు అమెరికావారి గ్రామీ బహుమతులు లభించాయి. 2018లో, డెబ్బైరెండవ ఏట మరణించాడు.

ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఆ 1966 నాటి పాట ఒకసారి పెట్టించుకోండి. మొదట గొంతు సంగతి మరచిపోయి, డ్రమ్మును వినండి. తరవాత, పాట సగం దాటాక, గొంతు ఎక్కడ ఊగటం మొదలుపెట్టిందో పట్టుకోండి చూద్దాం!