మిల్పిటాస్: హద్దు గీసుకుని పెరిగిన ఊరు

కాలిఫోర్నియాలో శాన్‌హోసేను ఆనుకుని ఉన్న మిల్పిటాస్‌ గురించి చెప్పమంటే, సాఫ్ట్‌వేర్ పుణ్యాన బాగుపడిన ఊరనేస్తారు చాలామంది. టెక్ కంపెనీలు డబ్బు తెచ్చిన మాట నిజమే. కానీ ఆ ఊరి పునాది అంతకు ముందే, 1954లోనే పడింది. ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ రాబోతోంది. పక్కనున్న పొలాలన్నిటినీ కలుపుకుంటున్న శాన్‌హోసే దాన్నీ మింగేసేలా ఉంది. అంతకు ముందే ఈ చిన్న పల్లె తనను తాను నగరంగా ప్రకటించుకుంది. మరుసటి ఏడాది ఫ్యాక్టరీ తెరుచుకుంది, దాని పన్నులు ఈ ఊరికే దక్కాయి. 1961లో విలీనం ప్రతిపాదన వస్తే జనం ఓటుతో తోసిపుచ్చారు. ఆ పోరాటానికి గుర్తుగా నగర ముద్ర మీద ఇప్పటికీ తుపాకీ పట్టిన మినిట్‌మన్, అంటే అమెరికా స్వాతంత్ర్య పోరాటం నాటి పౌర సైనికుడు, నిలబడి ఉంటాడు.

సొంత హద్దు ఉంటే సరిపోదు, ఆ హద్దు లోపల ఎవరికి చోటిస్తారన్నదే అసలు పరీక్ష. కాలిఫోర్నియాలోనే ఉన్న రిచ్‌మండ్ నుంచి ఫోర్డ్ ఇక్కడికి తరలినప్పుడు నల్లజాతి కార్మికులకు ఈ చుట్టుపక్కల ఇల్లు అమ్మేవాళ్లే లేరు. అందరూ కలిసి ఉండే కాలనీ కడతామంటే ఒకచోట కనీస స్థలాన్ని 6,000 నుంచి 8,000 చదరపు అడుగులకు పెంచారు. ఇంకోచోట మురుగునీటి కనెక్షన్ రుసుమును పదిరెట్లకు పైగా పెంచారు. నిషేధమని ఎక్కడా రాయలేదు, బిల్లు మాత్రం పంపారు! అయినా ఆటో కార్మికుల యూనియన్ పట్టు వదలక సన్నీహిల్స్ కాలనీని నిలబెట్టింది. తెల్లజాతివారే ఎక్కువగా ఉన్న ఆ ఊరికి 1966లో బెన్ గ్రాస్ అనే నల్లజాతీయుడు మేయరయ్యాడు.

శాన్‌హోసే పక్కన ఏ ఊరున్నా పెరిగేదే కదా అనొచ్చు. మరి పొరుగునే ఉన్న ఆల్విసో సంగతేమిటి? ఒకప్పటి రేవు పట్టణం, 1968లో స్వల్ప ఆధిక్యంతో విలీనానికి ఒప్పుకుని నేటికీ చిన్న పేటగానే మిగిలింది. భూమి కుంగడం, వరదలు దాన్ని దెబ్బతీసిన మాట కాదనలేం. తప్పంతా విలీనానిదే అనడం అన్యాయం. అయితే 1983లో ఫోర్డ్ మూతపడ్డాక మిల్పిటాస్ ఏం చేసిందో చూడాలి. అదే ఫ్యాక్టరీ భవనం 1994లో గ్రేట్ మాల్ అయింది. 1960లో సుమారు 6,500 ఉన్న జనాభా 2020 నాటికి 80,000 దాటింది, ఆ ఏడాదే బే ఏరియా నగరాలను కలిపే బార్ట్ రైలూ వచ్చింది. తెలుగు, కూచిపూడి నేర్పే యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్ర చిరునామా కూడా ఈ ఊరే. ఇక్కడి ఇళ్ల ధరలు చూస్తే మాత్రం ఫ్యాక్టరీ కార్మికుడు ఇవాళ సన్నీహిల్స్‌లో ఇల్లు కొనడం కష్టమే. ఈసారి అడ్డుకునేందుకు మురుగునీటి రుసుము కూడా అక్కర్లేదు.