అందమైన రాక్షసి... ఇంటికి తెచ్చుకుంటే?

‘మల్లేశం’ చూశారుగా? 2019లో వచ్చిన ఆ సినిమాలో, రోజంతా చేయి ఆడిస్తూ ఆసు పోసే తల్లి కష్టం చూడలేక కొడుకు ఆసు యంత్రం కనిపెడతాడు. కల్పన కాదు, చింతకింది మల్లేశం గారి నిజ జీవితమే!

అలాంటి ఆసు యంత్రం ఉన్న ఇంట్లోనే, పోచంపల్లిలో, మొన్న ఓ తమాషా చూశాను. మగ్గం పక్క గోడమీద హీరోయిన్ బొమ్మ లేదు. ఎర్రటి మోటార్ సైకిల్ బొమ్మ! పైన తొడుగు లేకుండా ఇంజనంతా బయటికి కనిపించే డుకాటి మాన్‌స్టర్. ఇటలీ రాక్షసి!

“అన్నా, సెకండ్ హ్యాండ్ల ఒకటున్నది. తీస్కోవాల్నా?” అన్నాడు వరసకి తమ్ముడయ్యే కుర్రాడు.

డుకాటి వాళ్లు 1926లో బొలోన్యాలో మొదలెట్టింది రేడియో విడిభాగాలతో. 1992లో గలూజీ అనే డిజైనర్ ఒక బండి ఫ్రేమూ, మరో బండి ఇంజనూ కలిపి ఈ మాన్‌స్టర్‌ని తయారుచేశాడు. అచ్చం మసాలా సినిమాయే... సూపర్ హిట్టయింది!

మరి ఏది కొనాలి? 2017లో మనదేశంలోకి 7.77 లక్షలకి దిగిన 797కి గాలితో చల్లబడే 803 సీసీ ఇంజను. 2021లో 10.99 లక్షలకి వచ్చినది 937 సీసీ, 111 గుర్రాల బలం. కొత్తగా పెద్ద బండెక్కేవాడికి మొదటిదే నయం.

అయితే అసలు కథ ఇంటర్వెల్ తర్వాతే! మామూలు ఇంజన్లో వాల్వు మూయడానికి స్ప్రింగు ఉంటుంది. ఇందులో తెరవడానికో మీట, మూయడానికో మీట... మగ్గం కింద రెండు తొక్కుడు పలకల్లాగా. ఆ సందులు 797కి 12 వేల కిలోమీటర్లకీ, 937కి 30 వేలకీ చూపించాలి. వీధి చివరి మెకానిక్ వల్ల కాదు. లోపలి బెల్టులు, బండి తిరక్కపోయినా, కాలం తీరితే మార్చాల్సిందే. సర్వీసు పుస్తకం లేని బండి చవగ్గా వచ్చినా వద్దు. ఎండవేళ ట్రాఫిక్‌లో నడిపి చూడండి, తొడకి తగిలే సెగ తెలుస్తుంది. ధర కాక, ఏడాది సర్వీసు, టైర్లు, ఇన్సూరెన్సు డబ్బు విడిగా చేతిలో ఉంటేనే బేరం!

ఇదంతా వింటున్న వాళ్లమ్మ నూలు సర్దుతూనే అడిగింది: “గిది కొంటే నన్ను ఎనక కూసోబెట్టుకొని దవాఖానకు తీస్కపోతవా బిడ్డా?”

తమ్ముడు బొమ్మలోని వెనక సీటు వంక చూశాడు. అరచేయంత ఉంది! చీరల మూటకైతే అసలే చోటు లేదు.

“ఇంకో మగ్గానికి దాచిన పైసలు గవి” అన్నాడు నెమ్మదిగా.

ఆవిడ వద్దనలేదు. “నీ ఇష్టం” అంది. అదే కష్టమైంది వాడికి!

నేనొచ్చేసరికి బొమ్మ గోడమీదే ఉంది. బేరం మాత్రం మగ్గం వచ్చాకేనట. రాక్షసి ఎక్కడికీ పోదు లెండి... ఏమంటారు?