కళా చరిత్ర చదివితే కడుపు నిండుతుందా? ఉర్దూ చదవగలిగిన పిల్లలకు ఉన్న దారి

ఇంటర్ రిజల్ట్స్ రాగానే మన ఇళ్లల్లో మాటలన్నీ ఇంజనీరింగ్, మెడిసిన్, ఫార్మసీ, బీకామ్ చుట్టూనే తిరుగుతాయి. ‘‘హిస్టరీ ఆఫ్ ఆర్ట్ చదువుతా’’ అని అమ్మాయి అంటే, ‘‘బొమ్మలు గీస్తే కడుపు నిండుతుందా బేటీ?’’ అని అబ్బా అడుగుతారు. ఆయన భయం న్యాయమైనదే. కానీ కళా చరిత్ర అంటే బొమ్మలు గీయడం కాదు.

ఏం చదువుతారు?

ఒక కట్టడం, ఒక చేతిరాత ప్రతి, ఒక బట్ట తీసుకుని.. అది ఎవరు చేయించారు, ఎప్పుడు, దేనితో, ఎందుకు అన్నది ఆధారాలతో తేల్చే చదువు ఇది. 1591లో కట్టిన చార్మినార్, గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధులు, బీదర్ బిద్రీ పని, మచిలీపట్నం కలంకారీ అన్నీ ఇందులోకి వస్తాయి. చిత్రాల విషయంలో దీన్ పరంగా సంకోచించే కుటుంబాలూ ఉంటాయి. ఖత్తాతీ, మసీదు నిర్మాణం, రేఖాగణిత అల్లికలు కూడా ఈ చదువులో పెద్ద విభాగాలేనని వాళ్లు తెలుసుకోవాలి.

ఎక్కడ చదవాలి?

ముందు హిస్టరీతో బీఏ చేసి, పీజీలో ఇటు రావడం చాలామందికి వీలైన దారి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో ఈ సబ్జెక్టు ఉంది. ఢిల్లీలో జేఎన్‌యూ, జామియా మిలియా, గుజరాత్‌లో బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, బెంగాల్‌లో విశ్వభారతి దీనికి పేరున్నవి. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కళా చరిత్రతో పాటు పాత వస్తువులను కాపాడే కన్జర్వేషన్, మ్యూజియం నిర్వహణ నేర్పే మ్యూజియాలజీ కూడా ఉన్నాయి. మ్యూజియాలజీ అలీగఢ్‌లోనూ ఉంది. కొన్నిచోట్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ అడగవచ్చు కాబట్టి అర్హతలు, ప్రవేశ పరీక్ష వివరాలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

ఉద్యోగాలు ఎక్కడ?

మ్యూజియాలు, ఆర్కియాలజికల్ సర్వే, రాష్ట్రాల పురావస్తు శాఖలు, ఇన్‌టాక్ లాంటి వారసత్వ సంస్థలు, ఆర్ట్ గ్యాలరీలు, వేలం సంస్థలు, పుస్తక ప్రచురణ.. ఇవీ దారులు. లెక్చరర్ కావాలంటే యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్స్ సబ్జెక్టు రాయొచ్చు. అందులో కళా చరిత్ర కూడా ఉంటుంది.

లాభం చెప్పినప్పుడు నష్టం కూడా చెప్పాలి. ప్రభుత్వ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. మొదట్లో కాంట్రాక్టు పనే దొరకొచ్చు. గ్యాలరీ ఉద్యోగాలు ఎక్కువగా ఢిల్లీ, ముంబైలలోనే. డిగ్రీ, పీజీ కలిపి ఐదారేళ్ల ఖర్చు. డిగ్రీ అవ్వగానే జీతం తప్పనిసరి అయిన ఇల్లయితే బీఈడీ లాంటి రెండో దారి చేతిలో పెట్టుకున్నాకే ఇటు రావాలి.

మన పిల్లల చేతిలో ఉన్నదేంటి?

దక్కన్ సుల్తానుల కాలం నాటి శాసనాలు, ఫర్మానాలు ఎక్కువ భాగం ఫార్సీ, అరబీలో ఉన్నాయి. వాటి కోసమే ఆర్కియాలజికల్ సర్వేకి నాగపూర్‌లో ప్రత్యేక శాసన విభాగం ఉంది. అక్కడి పోస్టులకు భాషా అర్హతలు వేరుగా అడుగుతారు. సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ అరబీ, ఫార్సీ, ఉర్దూ చేతిరాత ప్రతుల పెద్ద నిధి ఉంది. ఉర్దూ వచ్చినంత మాత్రాన ఫార్సీ వచ్చేయదు, అది కష్టపడి నేర్చుకోవాల్సిందే. కానీ మక్తబ్‌లో అలిఫ్, బే దిద్దిన పిల్లకి లిపి కొత్త కాదు. వేరేవాళ్లు మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాల్సిన చోట ఆమె నాలుగు మెట్లు ముందుంటుంది.

ఈ దారిలో నడిచిన పెద్దలు మనకున్నారు. 1914లో నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు దాని బాధ్యత గులాం యజ్దానీ తీసుకున్నారు. అరబీ, ఫార్సీ శాసనాలు చదివిన ఆయనే అజంతా బౌద్ధ చిత్రాలను కాపాడే పని చూశారు, వాటి మీద పెద్ద గ్రంథాలు రాశారు. 1959లో పద్మభూషణ్ అందుకున్నారు.

ఇవాళ దాదా చదివిన కాగితాన్ని మనవడు చదవలేని ఇళ్లు మన బస్తీల్లోనే పెరుగుతున్నాయి. చదివేవాళ్లు లేకపోతే ఆ రాతలు గోడ మీద గీతలుగానే మిగిలిపోతాయి.

నిర్ణయానికి ముందు ఒక పని చేయండి. పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లండి (శుక్రవారం సెలవు). చేతిరాత ప్రతుల ముందు ఎంతసేపు నిలబడతారో చూడండి. ‘‘ఇక్కడ ఏం రాసుంది అబ్బా?’’ అని అడిగితే, ఈ చదువు గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడొచ్చు.