మీకు తెలుసా? – న్యూయార్కునుండి దయానందునికి జాబులు

ప్రేతాత్మల ఉదంతములను పరిశోధించుటతో ఆరంభించి, 1894లో మద్రాసున అస్పృశ్యులుగా నెంచబడినవారి బిడ్డలకు ఉచిత పాఠశాల నెలకొల్పిన అమెరికా సంస్కర్త కర్నల్ ఆల్కాట్, 1878లో న్యూయార్కునుండి ఆర్యసమాజ స్థాపకుడైన స్వామి దయానందసరస్వతికి వ్రాసిన జాబులలో తన్నును, తాను సహస్థాపకుడైన దివ్యజ్ఞానసమాజమును శిష్యభావముతో ఆయనకు సమర్పించుకొనెను. స్వామికి ఆంగ్లము రాదు, ఆల్కాటునకు సంస్కృతము రాదు. ప్రతి జాబును అనువాదకుల చేతులమీదుగానే చేరెను. ఈశ్వరుని గూర్చి ఇరువురి భావములు వేరన్న సంగతి ఆ వినయవాక్యముల చాటున చాలకాలము మరుగుపడియే యుండెను. అంతటి శ్రద్ధతో వ్రాసిన జాబులకు ఇట్టి గతి పట్టుట మనసును కలచును.

ఆ భేదము కారణముగా 1882లో ఇరువురి మైత్రి తెగెను. నిజాం రాజ్యమున ఆర్యసమాజము తరువాత తన దారిన వ్యాపించెను. ఆల్కాట్ 1882లోనే దివ్యజ్ఞానసమాజ సహస్థాపకురాలైన బ్లావట్‌స్కీతో బకింగ్‌హాం కాలువమీద పడవలో నెల్లూరునకు, పిమ్మట గుంటూరునకు వచ్చి తెలుగువారి నడుమ శాఖలు స్థాపించెను.