పక్క కంప్యూటర్‌లోని ఫోల్డర్ ఎందుకు తెరుచుకోదు?

ఒకే గదిలో రెండు కంప్యూటర్లున్నాయి. రెండింటికీ ఇంటర్నెట్ వస్తోంది. అయినా ఒకదానిలో షేర్ చేసిన ఫోల్డర్ రెండోదానిలో తెరుచుకోదు. విసుగెత్తి చాలామంది ఫైర్‌వాల్‌నే ఆపేస్తారు. అది ప్రమాదకరం. విండోస్ కంప్యూటర్లలో లోపం ఎక్కడుందో వరుసగా వెతికితే ఆ అవసరం రాదు.

ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా?

ఇంటర్నెట్ వచ్చినంత మాత్రాన రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కాదు. ఒకటి రౌటర్‌కు, మరొకటి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిసి ఉండవచ్చు. అతిథుల కోసం పెట్టిన గెస్ట్ వైఫై సాధారణంగా పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వదు.

పేరా, చిరునామానా?

ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ పేరుకు బదులు దాని ఐపీ చిరునామా టైప్ చేసి చూడాలి. అప్పుడు తెరుచుకుంటే నెట్‌వర్క్ బాగానే ఉంది, పేరును గుర్తించడంలోనే లోపం ఉందని అర్థం.

తలుపు తెరిచి ఉందా?

విండోస్‌లో ఫైళ్ల మార్పిడి ఎస్‌ఎంబీ అనే పద్ధతిలో, 445వ నంబరు పోర్టు ద్వారా జరుగుతుంది. నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’గా గుర్తిస్తే ఫైర్‌వాల్ మామూలుగా ఈ దారిని మూసేస్తుంది. ఇల్లు, కార్యాలయం వంటి నమ్మకమైన చోట దాన్ని ‘ప్రైవేట్’గా మార్చి, ఫైల్ షేరింగ్‌ను ఆన్ చేస్తే చాలు. రైల్వే స్టేషన్, హోటల్ వైఫైలలో మాత్రం ‘పబ్లిక్’గానే ఉంచాలి.

అనుమతి ఉందా?

పాస్‌వర్డ్ అడిగితే, ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లోని ఖాతా వివరాలే ఇవ్వాలి. అక్కడ లాగిన్‌కు వాడే పిన్ ఇక్కడ పనికిరాదు. పాస్‌వర్డ్ లేని ఖాతాను కూడా విండోస్ మామూలుగా నెట్‌వర్క్ ద్వారా రానివ్వదు. ఫోల్డర్‌కు షేరింగ్ అనుమతి, డిస్క్ అనుమతి వేర్వేరుగా ఉంటాయి. రెండింటిలో ఏది కఠినమైనదో అదే చెల్లుతుంది.

పాత పరికరంతోనే చిక్కా?

కొన్ని పాత స్కానర్లకు, విండోస్ ఎక్స్‌పీకి ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ ఒక్కటే తెలుసు. 2017 మే నెలలో 150కి పైగా దేశాలను కుదిపేసిన వానాక్రై, ఆ వెర్షన్‌లోని లోపం ద్వారానే ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసింది. దాన్ని సరిచేసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే వచ్చింది. వేసుకోని కంప్యూటర్లు చిక్కుకున్నాయి. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఆ వెర్షన్ సాధారణంగా రాదు.

ఒక్క స్కానర్ కోసం దాన్ని తిరిగి ఆన్ చేస్తే పని జరగవచ్చు. కానీ అదే దారిన మాల్‌వేర్ కూడా రావచ్చు. స్కాన్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడమో, పరికరాన్ని మార్చడమో మేలు.