పుస్తకం మూసి... అప్పజెప్పండి!

కాలేజీ వేళకి పెనుగొండ సెంటర్లో కాసేపు నిలబడండి. మార్టేరు వైపు నుంచీ, ఆచంట వైపు నుంచీ, సిద్ధాంతం వైపు నుంచీ బస్సులూ ఆటోలూ వచ్చి ఆగుతుంటాయి. భుజాన బ్యాగు, చేతిలో సెల్‌ఫోను, కబుర్లు, నవ్వులు. డిగ్రీ పిల్లలు దిగుతుంటారు.

వాళ్లలో ఫస్టియర్ వాళ్లని ఇట్టే పోల్చుకోవచ్చు. మొహంలో ఓ తేలికదనం కనిపిస్తుంది. అవును మరి! ఇంటర్ గండం గడిచింది. పొద్దున్నే అయిదింటికి లేపే వార్డెన్ లేడు. రాత్రి పదింటిదాకా కదలనివ్వని స్టడీ అవర్ లేదు. వారం వారం పరీక్షల్లేవు. హమ్మయ్య!

చిక్కంతా ఆ 'హమ్మయ్య'లోనే ఉంది. మొదటి సెమిస్టరు ఫలితాలొచ్చేసరికి, టెన్త్‌లోనూ ఇంటర్లోనూ మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా కొందరు 'ఒక సబ్జెక్టు పోయింది' అంటూ తల దించుకుంటారు. అంతలోనే తెలివి తగ్గిపోయిందా? లేదు. అంతవరకూ పక్కన కూర్చుని చదివించినవాళ్లు తప్పుకున్నారు, అంతే. తమంతట తాము చదువుకోవడం ఎలాగో వాళ్లకి ఎవరూ నేర్పలేదు.

ఇది చిన్న విషయం కాదు. ఈ పిల్లల్లో చాలామంది ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లు. కౌలు చేసుకునే నాన్నకి బ్యాక్‌లాగ్ అంటే ఏమిటో తెలియదు. ఒకటి మిగిలితే దానిపక్కన ఇంకోటి చేరుతుంది. ఆడపిల్లయితే 'దీనికి చదువు అబ్బేట్టు లేదు, సంబంధం చూద్దాం' అనే మాట చుట్టాల్లో ఎవరో ఒకరు అననే అంటారు. ఒక సబ్జెక్టు పోవడం వెనక ఒక్కోసారి ఒక జీవితం దారి మళ్లిపోతుంది.

చదివితే వచ్చినట్టేనా?

'రెండుసార్లు చదివానండీ, హాల్లో కూర్చుంటే ఏమీ గుర్తు రాలేదు.' ఈ మాట అనని విద్యార్థి ఉండడు. అందులో అబద్ధం లేదు. నిజంగానే చదివాడు. రెండోసారి చదివేటప్పుడు వాక్యాలు తెలిసినట్టే అనిపించాయి. తెలిసిన మొహం కనిపించడం వేరు, ఆ మనిషి పేరు నోటికి రావడం వేరు కదా!

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్నే పరీక్షించి 2006లో ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్లో కొందరితో ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. మిగిలినవాళ్లతో ఒకసారే చదివించి, రెండోసారికి బదులు పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం గుర్తుంది. రాసినవాళ్లకి 75 శాతమే. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవాళ్లకి 42 శాతం మిగిలితే, రాసినవాళ్లకి 56 శాతం నిలిచింది.

మనకిది కొత్తేమీ కాదు. మన పెద్దవాళ్లు దీనికెప్పుడో పేరు పెట్టారు... అప్పజెప్పడం! పలక ఒళ్లో పెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పిన తాతయ్యలకి అవి ఎనభయ్యో ఏట కూడా గుర్తుంటాయి. అయితే అప్పట్లో అర్థం తెలియకుండా వల్లె వేయించారన్న మాట ఒకటుంది. అది నిజమే. అందుకే డిగ్రీలో అప్పజెప్పాల్సింది పుస్తకంలోని వాక్యాలు కాదు, విషయం. పేజీ చదవండి. పుస్తకం మూయండి. అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పండి లేదా రాయండి. ఎక్కడ ఆగిపోయారో మీకు రానిది అదే. అక్కడికి మాత్రం మళ్లీ వెళ్లండి.

ఒక్కరాత్రి ఊడ్పులు కావు

ఈ ప్రాంతం పిల్లలకి సెమిస్టరు గురించి చెప్పడం తేలిక. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకం వరి చేతికి రావడానికి సుమారు అయిదు నెలలు పడుతుంది. సెమిస్టరు అంతకన్నా చిన్న పంట. నారు పోయకుండా, ఊడ్చకుండా, కలుపు తీయకుండా కోతలనాడు కొడవలి పట్టుకుని చేలోకి దిగే రైతుని ఎవరైనా చూశారా? పరీక్షకి ముందు మూడు రాత్రులు మేలుకుని కూర్చోవడం అలాంటి సేద్యమే.

రాష్ట్రంలో డిగ్రీకి 2015-16 నుంచి సెమిస్టరు పద్ధతి వచ్చింది. ఏడాది చివర ఒకేసారి రాసే రోజుల్లో మొదటి నాలుగు నెలలు వదిలేసినా సర్దుకునే వీలుండేది. ఇప్పుడు ఆ నాలుగు నెలలకే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

నేర్చుకున్నది ఎంత వేగంగా జారిపోతుందో జర్మన్ పరిశోధకుడు హెర్మన్ ఎబింగ్‌హాస్ తనమీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో పుస్తకంగా రాశారు. మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తుంది. కాబట్టి విన్న పాఠాన్ని ఆ సాయంత్రమే పది నిమిషాలు తిరగెయ్యాలి. తర్వాత రెండు మూడు రోజులకి ఒకసారి, వారానికి ఒకసారి, నెలకి ఒకసారి. వంతులవారీగా కాలవ నీళ్లు పెట్టినట్టన్నమాట. మొత్తం గంటలు అవే, ఫలితం వేరు.

ఇంగ్లిష్ అనే గోడ

2021-22లో డిగ్రీ కోర్సులన్నింటినీ ఇంగ్లిష్ మీడియంలోకి మార్చారు. తెలుగులో చదువుకుని వచ్చిన పిల్లలకి ఇది నిజంగా గోడే. పాఠం అర్థంకాక, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడి, చివరికి గైడులోని జవాబులు బట్టీపట్టేస్తారు.

ఇక్కడ ఓ చిన్న పద్ధతి పనికొస్తుంది. నోట్సు పేజీకి ఎడమవైపు మూడో వంతు ఖాళీ వదలండి. కుడివైపు క్లాసులో విన్నది రాసుకోండి. సాయంత్రం ఎడమవైపున ప్రశ్నలూ, కొత్త ఇంగ్లిష్ మాటలూ, పక్కనే వాటి తెలుగు అర్థాలూ రాయండి. కుడివైపు చేత్తో మూసి, ఎడమవైపు ప్రశ్నలకి ముందు తెలుగులో చెప్పండి. తర్వాత అదే విషయం ఇంగ్లిష్‌లో నాలుగు చిన్న వాక్యాలు రాయండి. ఈ పేజీ విభజన అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు వాల్టర్ పాక్ విద్యార్థులకి నేర్పింది. తెలుగు అర్థాల వరస మన అవసరం కొద్దీ కలుపుకున్నది.

బస్సులో అరగంట

'రానూపోనూ గంటన్నర బస్సులోనే సరిపోతుంది, ఇంకెప్పుడు చదవమంటారు?' అన్నది న్యాయమైన ప్రశ్నే. కుదుపుల్లో చదవనక్కర్లేదు. కిటికీ పక్కన కూర్చుని, పొద్దుటి క్లాసులో ఏం చెప్పారో మనసులో తిరగేసుకోవచ్చు. దానికి పుస్తకం అవసరం లేదు, వెలుతురూ అవసరం లేదు. ఫోను మాత్రం బ్యాగులో ఉండాలి.

ఇంట్లోనూ అంతే. చదివేటప్పుడు ఫోను పక్కగదిలో పెట్టండి. ఇరవై అయిదు నిమిషాలు చదవండి, అయిదు నిమిషాలు లేచి తిరగండి. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో విద్యార్థిగా ఉన్నప్పుడు వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమరు పెట్టుకుని ఇలాగే మొదలుపెట్టాడట. మీకు గోడ గడియారం చాలు. రోజూ ఒకే వేళ, ఒకే చోటు అయితే వారం పది రోజులు గడిచాక కూర్చోవడానికి బద్ధకించడం తగ్గుతుంది. నిద్ర మాత్రం తగ్గించుకోకండి. చదివింది బుర్రలో కుదురుకునేది ఆ నిద్రలోనే.

తప్పినవాడి కథ

ఇన్ని చేసినా ఒక్కోసారి తప్పొచ్చు. ఇక్కడికి దగ్గర్లోని భీమవరంలో 1895లో పుట్టిన ఓ కుర్రాడికి మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలోగానీ గట్టెక్కలేదు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. తర్వాత మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన భాస్వరం పరీక్షకి ఇద్దరి పేర్లూ కలిపి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అన్న పేరు నిలిచిపోయింది. రెండోసారి తప్పినప్పుడు ఆయన చదువు ఆపేసి ఉంటే? ఆ ప్రశ్నకి జవాబు ఆలోచిస్తే, ఒక బ్యాక్‌లాగ్ ఎంత పెద్దదో, ఎంత చిన్నదో తెలిసిపోతుంది.

తప్పిన పేపర్ని దాచిపెట్టకండి. ఏ ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిందో రాసుకుని లెక్చరర్‌ దగ్గరికి వెళ్లండి. అడిగిన విద్యార్థిని విసుక్కునేవాళ్లకన్నా, అడిగినందుకు సంతోషించేవాళ్లే ఎక్కువ.

సాయంత్రం అవే బస్సులు, అవే ఆటోలు. ఇంటికెళ్లగానే అమ్మ పొయ్యి దగ్గర్నుంచే అడుగుతుంది: 'ఏమే అమ్మడూ, ఇవాళ కాలేజీలో ఏం చెప్పారు?'

'ఏదో చెప్పార్లే అమ్మా, నీకర్థం కాదు' అని తప్పించుకోకండి. ఆ రోజు పాఠం అయిదు మాటల్లో అమ్మకి అర్థమయ్యేలా చెప్పి చూడండి. ఆమె 'ఓహో, అలాగా!' అందంటే... అది మీకు వచ్చేసినట్టే.