వార్తల్లో పదం: కేప్ నిష్పత్తి

షేరు ధరను ఒక్కో షేరుకు వచ్చిన ఏడాది లాభంతో భాగిస్తే పీఈ. కానీ ఒక్క ఏడాదిని నమ్మడమెలా? తిరుపతి శివారు కరకంబాడిలోని సీసం బ్యాటరీల కంపెనీ అమరరాజానే చూడండి: సీసం ధర పెరిగితే లాభం తరుగుతుంది; 2023 జనవరిలో చిత్తూరు ప్లాంటులో అగ్నిప్రమాదం సరేసరి. అందుకే గత 10 ఏళ్ల లాభాలను ద్రవ్యోల్బణానికి సరిచేసి, ఆ సగటుతో నేటి ధరను భాగిస్తారు. అదే కేప్. 1988లో ఆర్థికవేత్తలు క్యాంప్‌బెల్, షిల్లర్ చెప్పిన లెక్క. 1999 చివర అమెరికా మార్కెట్ కేప్ 44 దాకా వెళ్లింది. మరుసటి ఏడాదే పతనం మొదలైంది.

అయితే అమరరాజా ఇప్పుడు లిథియం బాట పట్టింది. సీసం కాలపు సగటు ఆ భవిష్యత్తును చెప్పలేదు. కేప్ మొత్తం మార్కెట్‌కు పనికొచ్చినంతగా ఒక్క కంపెనీకి పనికిరాదు.